గుండె ఎంఆర్‌ఐకి ఏఐ తోడు – 4: ఆ అద్దాన్ని పగలగొట్టండి

మూడో పాఠం నేనే చెడగొట్టాను. ‘ఏదైనా గుండె సినీ ఫైల్ తీసుకుని, కే-స్పేస్‌లో నాలుగింట మూడు గీతలు తీసేసి, నెట్‌వర్క్‌తో పూడ్చండి’ అని రాసి ఊరుకున్నాను. (సినీ అంటే కొట్టుకునే గుండెను ఫ్రేములుగా చూపే కదిలే బొమ్మ. కే-స్పేస్ అంటే స్కానర్ గీతలు గీతలుగా కొలిచే అంకెల పట్టిక, బొమ్మ దాన్నుంచే వస్తుంది. నెట్‌వర్క్ అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ఏఐ.) ఆ ‘ఏదైనా’ కొంప ముంచింది. మీరు పంపిన ఫలితాలు చాలావరకు నమ్మలేనంత బాగున్నాయి. నిజంగానే నమ్మకూడదు. ఈసారి చెబుదామనుకున్న కాయిల్ మ్యాపులు (స్కానర్ కాయిల్ ఒక్కోటి ఎక్కడ ఎంత బాగా సిగ్నల్ అందుకుంటుందో చూపే పటాలు) వచ్చే పాఠానికి వాయిదా.

మనం ఆదా చేసేది ఏమిటో ఒక్కసారి గుర్తు చేస్తాను. స్లైస్‌కు, అంటే గుండెలో ఒక్క పొరకు, 192 గీతలనుకోండి. గుండె ఒక్కసారి కొట్టుకునేలోపు ఒక్కో ఫ్రేములో 16 నింపితే 12 సార్లు కొట్టుకోవాలి. నిమిషానికి 60 కొట్టుకునే గుండెకు అది 12 సెకన్ల ఊపిరి బిగింపు. అలాంటి స్లైసులు పది పన్నెండు. ఆయాసంతో పడుకున్న మనిషి నాలుగోదానికే చేతులెత్తేస్తాడు. 48 గీతలతో సరిపెడితే 3 సెకన్లు. కే-స్పేస్‌ను బొమ్మగా మార్చే ఫోరియర్ లెక్క సంగతి మళ్లీ చెప్పను.

ఇక తప్పు దగ్గరికి. మీలో చాలామంది డైకామ్ (ఆస్పత్రి స్కాన్లు దాచే ఫైల్) బొమ్మనో, నెట్‌లో దొరికిన పీఎన్‌జీనో తీసుకుని ఎఫ్‌ఎఫ్‌టీ (కంప్యూటర్ చేసే ఫోరియర్ లెక్క) చేసి, అదే కే-స్పేస్ అనుకున్నారు. కాదు. మామూలుగా డైకామ్‌లో మనకు దక్కేది మాగ్నిట్యూడ్ (సిగ్నల్ బలం) ఒక్కటే, ఫేజ్ (సిగ్నల్ కోణం) ఎప్పుడో పోయింది. ఫేజ్ లేని బొమ్మకు ఎఫ్‌ఎఫ్‌టీ చేస్తే కే-స్పేస్‌లో ఒక సగం రెండో సగానికి అద్దం అవుతుంది. చేసి చూడండి: నడిమి గడి నుంచి ఎడమకు మూడు, పైకి రెండు గడులు జరిగి అక్కడి రెండు భాగాల అంకె రాసుకోండి. రియల్ భాగం 41, ఇమాజినరీ 17 వచ్చిందనుకుందాం. ఇప్పుడు నడిమి నుంచి కుడికి మూడు, కిందికి రెండు. అక్కడ 41, మైనస్ 17 ఉంటుంది. ఎక్కడ చూసినా ఇదే జత. అంటే సగం గీతలు పారేసినా ఉచితంగా తిరిగొస్తాయి. మీ నెట్‌వర్క్ గుండెను నేర్చుకోలేదు, అద్దం చూసి కాపీ కొట్టింది. స్కానర్ నుంచి వచ్చిన ముడి డేటాలో ఈ జత కుదరదు.

ఇంకో మోసం ఉంది. స్కానర్ 160 గీతలే కొలిచి, చుట్టూ సున్నాలు పేర్చి 256 గీతల బొమ్మ ఇవ్వొచ్చు. మీరు 64 గీతలు ఉంచుకుని ‘నాలుగు రెట్ల వేగం’ అంటారు. మధ్యలో చిక్కగా ఉండే మాస్క్ (ఏ గీతలు ఉంచాలో చెప్పే జల్లెడ) వాడితే ఆ 64 దాదాపు అన్నీ అసలు 160లోనే పడతాయి. అప్పుడు మీ వేగం రెండున్నర రెట్లే. 2022లో బర్క్లీ పరిశోధకులు పీఎన్‌ఏఎస్ అనే సైన్స్ పత్రికలో దీని మీదే రాస్తూ ‘డేటా నేరాలు’ అన్నారు. నాకు ఆ మాట తెగ నచ్చింది.

ముడి డేటా కావాలంటే ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల ఓసీఎంఆర్ అనే గుండె ఎంఆర్‌ఐ డేటా ఉంది. 2023 సీఎంఆర్‌ఎక్స్‌రీకాన్ పోటీ డేటా కూడా ఉంది, 300 మందిది. కాకపోతే వాళ్లంతా ఆరోగ్యవంతులు. జబ్బు గుండె ఎదురైతే నెట్‌వర్క్ ఏం చేస్తుందో అది చెప్పదు.

ఈ రోజు అసలు పాఠం చిన్నదే. నెట్‌వర్క్ ఇచ్చిన బొమ్మను మళ్లీ కే-స్పేస్‌లోకి తిప్పండి. మనం నిజంగా కొలిచిన గీతల దగ్గర నెట్‌వర్క్ రాసింది చెరిపేసి, కొలిచిన అంకెలే పెట్టండి. తిరిగి బొమ్మ చేసి, మళ్లీ నెట్‌వర్క్‌కివ్వండి. నేను ఇలా అయిదుసార్లు తిప్పుతాను. పెద్ద యూ-నెట్ (బొమ్మల పనికి వాడే ఒక రకం నెట్‌వర్క్) ఒకటి కన్నా చిన్న నెట్‌వర్కులు అయిదు నాకు ఇష్టం, నా పాత గ్రాఫిక్స్ కార్డు మోసేది కూడా అంతే. మాస్క్ ఫ్రేముకో గీత జరగాలి: మొదటిదానికి 1, 5, 9, రెండోదానికి 2, 6, 10. అన్ని ఫ్రేములకూ ఒకే మాస్క్ పెట్టినవాళ్లు, ఇప్పుడే మార్చండి.

అభ్యాసం: ఓసీఎంఆర్‌లో పూర్తిగా కొలిచిన షార్ట్ యాక్సిస్ (గుండెను అడ్డంగా కోసినట్టు చూపే) స్లైస్ ఒకటి తీసుకోండి. ముందు అద్దం పరీక్ష. తర్వాత ఎడమ జఠరికను అడ్డంగా కోసే ఒక్క పిక్సెల్ గీతను ప్రతి ఫ్రేము నుంచీ తీసి పక్కపక్కన పేర్చండి. గుండె గోడ అలలా కనిపించాలి. మీ నెట్‌వర్క్ బొమ్మలోనూ అలాగే పేర్చి రెండూ పోల్చండి. అల చదునైతే, పీఎస్‌ఎన్‌ఆర్ (బొమ్మ అసలుకు ఎంత దగ్గరో చెప్పే స్కోరు) ఎంతున్నా, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (కొట్టుకున్న ప్రతిసారీ జఠరిక బయటికి తోసే రక్తం వాటా) తక్కువగా వస్తుంది. పీఎస్‌ఎన్‌ఆర్ అంకెలు నాకు పంపకండి, ఆ రెండు అలలు పంపండి.