సముద్రం లేని ఊళ్లో నావికుడి లెక్క – 3వ భాగం: మధ్యాహ్నపు నీడ

పోయిన భాగంలో క్రాంతి గురించి చెప్పుకున్నాం కదా, సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరాన ఉన్నాడో, దక్షిణాన ఉన్నాడో చెప్పే అంకె. ఈరోజు దాన్ని పట్టుకుని, మధ్యాహ్నపు నీడతో మన ఊరి అక్షాంశం కనుక్కోవడానికి మిద్దెక్కుదాం.

ఓడ మీదైతే సెక్స్టెంట్ అనే కోణం కొలిచే పరికరం అద్దాల్లో సూర్యుణ్ణి కిందికి దించి, ఆకాశం నీళ్లను తాకేచోట ఆనిస్తారు. అనంతపురంలో ఆ గీత ఎక్కడ దొరుకుతుంది? అందుకే మనకు మీటరు కర్ర, టేపు, కర్ర నిట్టనిలువుగా, నేల చదునుగా ఉన్నాయో చూసుకోవడానికి మేస్త్రీని అడిగి తెచ్చుకున్న తూకం గుండు, రసమట్టం. కర్ర కొసన చిన్న బెజ్జం పెట్టిన అట్టముక్క అతికించండి, లేకపోతే నీడ చివర మసకబారి సెంటీమీటరు అటూఇటూ అవుతుంది. బెజ్జంలోంచి నేల మీద పడే వెలుగుచుక్క నడిమధ్యకు కొలవాలి. సూర్యుణ్ణి నేరుగా మాత్రం చూడొద్దు.

ఎక్కువమంది తప్పేది టైము దగ్గరే. డిసెంబరు 22న నేను ఫోన్లో 12 కాగానే కొలిచేశాను, 79 సెంటీమీటర్ల పైచిలుకు వచ్చింది, ఇక దిగిపోదామనుకుంటూ చూస్తే వెలుగుచుక్క నా చాక్‌పీసు గీత దాటి ఇంకా కర్ర వైపే జరుగుతోంది! మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అనంతపురం 77.6 దగ్గరుంది, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మనకు మిట్టమధ్యాహ్నం దాదాపు 20 నిమిషాలు ఆలస్యం. ఆ రోజుల్లో సూర్యుడు ఓ రెండు నిమిషాలు ముందుంటాడు కాబట్టి 12:18 ప్రాంతంలో నీడ అన్నిటికంటే పొట్టిదై, కాసేపు పొడవు మారక, మళ్లీ సాగడం మొదలైంది. 78.4. నావికులు కూడా గడియారాన్ని నమ్ముకోరు, సూర్యుడు ఎక్కి ఎక్కి ఆగేదాకా కోణం చూస్తూనే ఉంటారు.

78.4ను 100తో భాగించి, కాలిక్యులేటర్లో టాన్ ఇన్వర్స్ నొక్కితే 38.1 డిగ్రీలు. నడినెత్తి నుంచి సూర్యుడు అంత దూరం దక్షిణానికి వాలి ఉన్నాడన్నమాట. అందులో 23.4 భూమధ్యరేఖకు అవతలిది, ఆ రోజు క్రాంతి. తీసేస్తే మిగిలిన 14.7 భూమధ్యరేఖ నుంచి మన దాకా, అదే అనంతపురం అక్షాంశం.

12 గంటల కొలతనే పట్టుకుని ఉంటే పావు డిగ్రీ తప్పేది, అంటే 15 నాటికల్ మైళ్లు, సుమారు 28 కిలోమీటర్లు. చీకట్లో తీరం వెతుక్కునే ఓడకు అది చిన్న తప్పు కాదు.

కర్నూలు వాళ్లకు 15.8 దగ్గర, కడప వాళ్లకు 14.5 దగ్గర రావాలి. ఈ తీసివేత సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నప్పటిది; ఉత్తరాన ఉంటే క్రాంతిని తీసేయకుండా కలపాలి. మే నుంచి ఆగస్టు రెండోవారం దాకా మాత్రం అదీ కుదరదు, సూర్యుడు మనల్ని దాటి ఉత్తరానికి పోతాడు, నీడ దక్షిణం వైపు పడుతుంది. అప్పుడు క్రాంతిలోంచి నీడ కోణాన్ని తీసేయాలి: జూన్ 21న 23.4లోంచి 8.7.