గుద్దుకున్నప్పుడు స్టీరింగ్ ఛాతీ మీదికి రాకూడదంటే

చిత్తూరులో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకని పిల్లలు నాకు చూపించే డ్రాయింగుల్లో స్టీరింగ్ కాలమ్, అంటే స్టీరింగ్ వీల్‌ను మోసే కాడ, చాలాసార్లు ఒకటే కడ్డీగా ఉంటుంది. గట్టిగానే ఉంటుంది, కానీ మొగిలి ఘాట్‌లో ముందున్న లారీని గుద్దితే ఆ గట్టి కడ్డీయే డ్రైవర్ ఛాతీలో దిగుతుంది. అందుకే గీత గీయకముందే రెండు దెబ్బలను విడివిడిగా రాసుకోండి. బండి ముందుభాగం నలిగి, చక్రాలను తిప్పే స్టీరింగ్ బాక్సును వెనక్కి నెట్టడం ఒకటి, డ్రైవర్ ఒళ్లు ముందుకొచ్చి స్టీరింగ్ వీల్‌కు కొట్టుకోవడం ఇంకొకటి.

మొదటిదాన్ని కింది షాఫ్టులోనే ఆపేయాలి. బాక్సుకూ కాలమ్‌కూ మధ్య షాఫ్టును రెండు యూనివర్సల్ జాయింట్లతో (వంపులోనూ తిప్పుడును అందించే కీళ్లు), కాస్త వంకరగా, ఒకదాంట్లోకి ఒకటి జారేలా పెట్టండి. బాక్సు వెనక్కొస్తే అది ముడుచుకుంటుంది, వీల్ ఉన్నచోటే ఉంటుంది. 1968 నుంచి అమల్లో ఉన్న అమెరికా వాహన భద్రతా నియమం 204 ప్రకారం 48 కి.మీ. వేగంతో గోడను గుద్దినా వీల్ 127 మి.మీ. మించి వెనక్కి రాకూడదు. మన దగ్గర దీనికున్న ప్రమాణం ఏఐఎస్-096, అది చదవండి.

రెండోదానికి లెక్క కావాలి. పరీక్షలో సుమారు 35 కిలోల మొండెం బొమ్మను 24 కి.మీ. వేగంతో వీల్‌కు కొడతారు. అందులో శక్తి 785 జౌల్స్ దాకా ఉంటుంది. ఛాతీ మీద బలం 11.1 కిలోన్యూటన్లు దాటకూడదు. కాలమ్ ఆ గరిష్ఠ బలంతోనే మొదట్నుంచీ చివరిదాకా కుంగినా 7 సెంటీమీటర్ల జాగా కావాలి. అసలు కాలమ్ అలా సమంగా కుంగదు, దాన్ని పట్టి ఉంచే చిన్న పిన్నులు తెగేటప్పుడు బలం ఒక్కసారి పైకి లేస్తుంది. సగటు బలం 8 కిలోన్యూటన్ల దగ్గర పెట్టుకుని 10 సెంటీమీటర్లు వదలండి. ఆ దారిలో వైరింగ్ క్లిప్పు, తాళం బిగింపు ఏదీ అడ్డం రాకూడదు.

ఇది కళ్లారా చూడాలంటే పాత ఇనప సామాన్ల అంగట్లో కారు కాలమ్ ఒకటి కొని విప్పండి. చాలా రకాల్లో డ్యాష్‌బోర్డు కింది బ్రాకెట్‌లో రెండు చిన్న అల్యూమినియం ముక్కలు ప్లాస్టిక్ పిన్నులతో కూర్చుని ఉంటాయి. వాటి గాడి డ్రైవర్ వైపు తెరిచి, ముందువైపు మూసి ఉంటుంది. అంటే ఛాతీ నెట్టితే కాలమ్ ముందుకు జారిపోతుంది, ముందు నుంచి నెట్టితే వెనక్కి రాదు. ఎంత చక్కటి ఆలోచనో చూడండి! ఆ పిన్నులు మరీ బలహీనంగా పెట్టకండి. వీల్ పట్టుకుని సీటులోంచి లేచేవాళ్లు మన దగ్గర చాలామంది.

కాలమ్ వాలును మరిచిపోతే ఈ లెక్కంతా వృథా. కుంగే కాలమ్ అంటే ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలే. అది 25 డిగ్రీలు వాలి ఉంటే ఛాతీ నెట్టే బలంలో 40 శాతం పైగా ఆ గొట్టాలకు అడ్డంగా పడుతుంది, అవి జారకుండా పట్టేస్తాయి. అందుకే ఒకదాంట్లో ఒకటి దూరే పొడవు గొట్టం వ్యాసానికి రెండింతలకు తక్కువ ఉంటే నేను ఒప్పుకోను. ఎయిర్‌బ్యాగ్ ఉందిగా అనుకోవద్దు. కుంగేటప్పుడు వీల్ పైకి తిరిగితే బ్యాగ్ ఛాతీకి ఎదురుగా ఉండదు.

ఇంకొక భయం షెడ్లలో. "ఆడతా ఉండాది సార్, రెండు చుక్కలు వెల్డింగ్ వేస్తే టైట్ అయిపోతాది" అంటూ జారే షాఫ్టును అతికేసిన బండ్లను తిరుపతిలో చూశాను. ఆ రెండు చుక్కలతో అది మళ్లీ ఒకటే కడ్డీ. లూజు వస్తే ఆ షాఫ్టు ఒక్కటే విడిగా దొరికేలా, రెండు బోల్టులు విప్పితే ఊడొచ్చేలా గీయండి. "వెల్డింగ్ చేయరాదు" అని తెలుగులో దాని మీదే చెక్కించండి.