ఇఫ్, విష్ వాక్యాల్లో ఏ క్రియ ఎక్కడ పెట్టాలి

ఇంగ్లిష్‌లో షరతు చెప్పాలనుకున్నప్పుడు, ఆ పని జరిగే వీలుందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. 'టైముంటే వస్తాను' అంటే వచ్చే వీలుంది. 'టైముంటే వచ్చేవాణ్ణి' అంటే టైము లేదు, రావడమూ లేదు. తెలుగులో చివరి క్రియ ఒక్కటే మారింది, 'టైముంటే' అలాగే ఉంది. ఇంగ్లిష్‌లో రెండు భాగాలూ మారాలి. మనవాళ్ల తప్పులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

జరిగే వీలుంటే ఇఫ్ వైపు ప్రెజెంట్, రెండో వైపు విల్: 'ఇఫ్ ఐ హ్యావ్ టైమ్, ఐ విల్ కమ్.' రేపటి సంగతైనా ఇఫ్ వైపు విల్ పెట్టకండి. 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో' తప్పు, 'ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో' ఒప్పు.

ఇప్పుడు లేనిదాన్ని ఊహిస్తుంటే ఇఫ్ వైపు వి2 (వెంట్ లాంటి భూతకాల రూపం), రెండో వైపు వుడ్, వి1 (గో లాంటి మూల రూపం): 'ఇఫ్ ఐ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ కమ్.' ఈ హ్యాడ్ నిన్నటి సంగతి చెప్పడం లేదు, ఇది నిజం కాదని చెబుతోంది. బి క్రియ (ఆమ్, ఈజ్, ఆర్) అయితే 'ఇఫ్ ఐ వర్ యూ' అనాలి. మాటల్లో వాజ్ కూడా వినిపిస్తుంది గానీ, పరీక్షల్లో వర్ రాయడమే మంచిది.

గడిచిపోయినదైతే ఇఫ్ వైపు హ్యాడ్, వి3 (గాన్ లాంటి మూడో రూపం). రెండో వైపు వుడ్ హ్యావ్, వి3. 'నిన్న టైముంటే వచ్చేవాణ్ణి' అన్నప్పుడు తెలుగు క్రియ మారలేదు కాబట్టి ఇది తేలిగ్గా జారిపోతుంది. సరైన వాక్యం 'ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ టైమ్ యెస్టర్‌డే, ఐ వుడ్ హ్యావ్ కమ్.' రెండు హ్యాడ్‌లు ఉన్నాయని ఒకటి కొట్టేయకండి: మొదటిది సహాయక క్రియ, రెండోది హ్యావ్‌కి వి3. ఇఫ్ వైపు 'వుడ్ హ్యావ్' రాయడం ఇంకో పొరపాటు. కారణం నిన్నటిది, ఫలితం ఇవాళ్టిది అయితే రెండు పద్ధతులూ కలపాలి: 'ఇఫ్ ఐ హ్యాడ్ స్లెప్ట్ వెల్, ఐ వుడ్ నాట్ బి టైర్డ్ నౌ.'

'ఐడ్' అని కుదించి రాసినది హ్యాడా, వుడ్డా అన్న సందేహం వస్తే పక్క మాట చూడండి. వి3 ఉంటే హ్యాడ్, వి1 ఉంటే వుడ్.

ఇక విష్. ముందు ఉన్న నిజాన్ని రాయండి, తర్వాత దాన్ని తిరగేసి క్రియను ఒక మెట్టు వెనక్కి జరపండి. 'ఐ కాంట్ స్విమ్' అన్నది 'ఐ విష్ ఐ కుడ్ స్విమ్' అవుతుంది. 'ఐ డిడ్ నాట్ కాల్ హర్' అన్నది 'ఐ విష్ ఐ హ్యాడ్ కాల్డ్ హర్' అవుతుంది. విష్ స్థానంలో 'ఇఫ్ ఓన్లీ' పెడితే బాధ ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది, క్రియలు మాత్రం అవే.

ఎదుటివాళ్ల తీరు విసిగిస్తుంటే వుడ్ వాడాలి: 'ఐ విష్ హి వుడ్ స్టాప్ షౌటింగ్.' మీ గురించి మీరే చెప్పుకునేటప్పుడు 'ఐ విష్ ఐ వుడ్' అనకండి, కుడ్ వాడండి.

జరగవచ్చు అనుకునేదానికి విష్ పనికిరాదు, హోప్ కావాలి. 'ఐ విష్ యూ విల్ పాస్' తప్పు, 'ఐ హోప్ యూ పాస్' ఒప్పు. శుభాకాంక్షలు చెప్పేటప్పుడు విష్ తర్వాత నామవాచకం రావచ్చు: 'ఐ విష్ యూ సక్సెస్.'

అన్‌లెస్‌లో 'కాకపోతే' అన్న అర్థం ముందే ఉంది. 'మీరు రాకపోతే నేను వెళ్లను' అనడానికి 'అన్‌లెస్ యూ కమ్, ఐ వోంట్ గో' చాలు. అందులో డోంట్ చేర్చితే అర్థం తిరగబడుతుంది.