నారోబోట్ ప్రొపెల్లర్‌కి చెత్త చుట్టుకుంటే: చెయ్యి పెట్టే దారి సంగతి ముందు చూడండి

"పడవ లాగడం లేదండీ, ఇంజను పోయినట్టుంది" అని ఫోను వస్తే నేను అడిగేది ఒక్కటే. వీడ్ హ్యాచ్ తెరిచి చూశారా? అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "దాని మీద సైకిళ్లు ఉన్నాయండీ, పూలకుండీలు కూడా..."

అసలు జబ్బు అక్కడే ఉంది. ప్రొపెల్లర్‌కి నిలువునా పైన, వెనక డెక్ చెక్కల కింద, చెయ్యి పెట్టడానికే వీడ్ హ్యాచ్ అని ఒక ఇనప పెట్టె, దానికో మూత కట్టి ఇచ్చారు. దాన్ని చేరడానికి అరగంట పట్టేలా ఉంటే ఎవరూ తెరవరు. తెరవకుండా ఇంజన్నీ, గేర్ బాక్సునీ, డీజిల్‌నీ తిట్టుకుంటారు. ఇంగ్లండు కాలువల మీద సొంత నారోబోట్, అంటే ఆ ఇరుకు కాలువలకి తగ్గట్టు కట్టిన సన్నటి పొడుగు పడవ, ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పడవ నడపడం, కట్టడం, లాకులు దాటడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

రేసు ఇస్తే శబ్దమే పెరుగుతోంది, పడవ కదలడం లేదు

టిల్లర్ (చుక్కాని తిప్పే పిడి) వణుకుతోందా లేదా చూడండి. వణుకు లేకపోతే చాలాసార్లు ప్రొపెల్లర్ తప్పేమీ ఉండదు, కాలువలో నీళ్లే తక్కువ. చాలా కాలువల్లో నడుం లోతుకి మించి నీళ్లుండవు. పూడిక ఉన్నచోట అంత కూడా ఉండదు. అలాంటి చోట రేసు పెంచేకొద్దీ పడవ వెనకభాగం కిందికి కూర్చుంటుంది, ఇంకా నెమ్మదిస్తుంది. రేసు తగ్గించి, కాలువ మధ్యకి జరగండి. వేగం పెరిగితే హ్యాచ్ జోలికి వెళ్లక్కర్లేదు. ఎలాగూ గంటకి 4 మైళ్లు దాటకూడదు, తొందరెందుకు?

అక్టోబరు, నవంబరుల్లో అయితే ఆకులు. రెక్కల చుట్టూ ఆకులు ముద్దకట్టుకుంటాయి. న్యూట్రల్‌లోకి తెచ్చి, రెండు మూడు సెకన్లు గట్టిగా రివర్స్ ఇస్తే ఊడిపోతాయి. అలా వెళ్తూ పది నిమిషాలకోసారి చెయ్యాల్సి వస్తే చెయ్యండి, తప్పదు.

టిల్లర్ దడదడలాడుతోంది, పొగ నల్లగా వస్తోంది, గేరు వెయ్యగానే ఇంజను గొంతు మారిపోతోంది అంటే చుట్టుకుంది. ఇక తెరవాల్సిందే.

తెరవాలంటే యుద్ధం చేసినట్టుంటోంది

ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. తాళం ప్యానెల్‌కే ఉంచి నీళ్లలో చెయ్యి పెట్టేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను. లోపల పిల్లలుంటారు, ఎవరో వచ్చి తిప్పుతారు. ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు, తాళం చూపిస్తేగాని పక్కన కూడా నిలబడను.

ఇక దారి సంగతి. నాది 57 అడుగుల పడవ, వెనక తెరిచిన డెక్. కొన్నప్పుడు డెక్ అంతా ఒకటే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. హ్యాచ్ మీదకి వచ్చే భాగాన్ని రెండడుగుల చదరంగా కోసి, ఒకవైపు కీళ్లు బిగించాను. ఇప్పుడు ఒక చేత్తో ఎత్తుతాను. అయితే కోసిన అంచు కింద వాననీళ్లు పట్టే కాలవ పెట్టడం మర్చిపోకండి. పాత చెక్క అంచుల కింద ఇనప కాలవ ఉంటుంది, అది వాన నీటిని పక్కకి పంపేస్తుంది. కొత్త అంచుకి అది లేకపోతే ప్రతి వానా ఇంజను నెత్తిన పడుతుంది. పలకని మోయడానికి కింద యాంగిల్ కూడా కావాలి, లేకపోతే టిల్లర్ పట్టుకుని నిలబడ్డప్పుడు కాలి కింద ఊగుతుంది.

మూతని నొక్కిపట్టే అడ్డబద్దెకి కొన్ని పడవల్లో పానాతో తిప్పే బోల్టులుంటాయి. చలికాలం, చేతులు తడి, పానా జారి కిందపడుతుంది. చేత్తో తిప్పే టీ ఆకారపు పిడి వేయించుకోండి, మరలకి గ్రీజు పెట్టండి. విడిగా ఊడివచ్చే ప్రతి ముక్కకీ చిన్న గొలుసు కట్టండి. హ్యాచ్‌లోంచి జారిన నట్టు కాలువ అడుగున బురదలోకి పోతుంది, అయస్కాంతం కట్టి వెతుక్కోవడమే.

హ్యాచ్ పక్కగా పొగగొట్టం వెళ్తుంటే దానికి వేడి తగలకుండా గుడ్డపట్టీ చుట్టించండి. అప్పుడే ఆపిన ఇంజను పొగగొట్టం ముంజేతికి తగిలితే ఏమవుతుందో నా కుడిచేతి మచ్చ చెబుతుంది. మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత యోగా చాప ముక్క, నుదుటికి టార్చి, భుజం దాకా వచ్చే రబ్బరు తొడుగులు అక్కడే ఒక డబ్బాలో ఉంచండి. అదే డబ్బాలో పళ్లున్న బ్రెడ్డు కత్తి, పిడికి గుడ్డ చుట్టిన హ్యాక్సా బ్లేడు, పొట్టి బోల్ట్ కట్టర్. అన్నిటికీ తాడు కట్టి, ఆ తాడు మణికట్టుకి. కాలువ నీళ్లలో ఎలుక జ్వరం ఉంటుంది, చేతికి గాటుంటే ప్లాస్టర్ వేసి దిగండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

రెక్కలు శుభ్రంగా ఉన్నాయి, అయినా వణుకు పోలేదు

రెక్కల మీదే చెయ్యి ఆపేశారు. ఇంకా ముందుకి, ప్రొపెల్లర్‌కీ షాఫ్ట్ బయటికొచ్చే గొట్టానికీ మధ్యనున్న సందులోకి వేళ్లు పోనివ్వండి. నైలాన్ తాడు, గాలం దారం, ప్లాస్టిక్ సంచి అక్కడ చుట్టుకుని, రాపిడి వేడికి కరిగి, షాఫ్ట్‌లో భాగమేమో అన్నంత నున్నగా గట్టిపడతాయి. ఆ బురదనీళ్లలో కళ్లకి ఏమీ ఆనదు, వేళ్లకే తెలియాలి. గేరు న్యూట్రల్‌లో ఉంటే ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పొచ్చు. చుట్టుకున్న దిక్కుకి ఎదురు తిప్పుతూ కొస దొరికేదాకా తడమండి. దొరక్కపోతే షాఫ్ట్ పొడవునా రంపంతో కోయడమే. తొందరపడితే కుదరదు, నాకు ఒకసారి గంటన్నర పట్టింది.

మన భారతీయులు ఎక్కువగా ఉండే ఊళ్ల మీదుగా వెళ్లేటప్పుడు చీర దొరకడం ఇక్కడి పడవవాళ్లకి పాత కథే. పడమటి లండన్‌లో సౌతాల్ దగ్గర నేనూ ఒకటి లాగాను, సింథటిక్ చీర, జరీ అంచుతో సహా. పక్క పడవాయన "ఇది మీదేనా?" అన్నట్టు చూశాడు. కొబ్బరికాయలు తేలుతూ వస్తాయి గానీ అవి చుట్టుకోవు, రెక్కకి తగిలి ఠంగుమంటాయి, అంతే.

అన్నీ తీశారు, సందు కూడా శుభ్రం. వణుకు ఉంది, రివర్స్ పనిచేయడం లేదు, పైగా బిల్జ్‌లో (పడవ లోపలి అడుగున) నీళ్లు

నన్ను రెండు నెలలు తిప్పిన సమస్య ఇది.

వీడ్ హ్యాచ్ మూత ఒక్క పలక కాదు. దాని కింద కాళ్లుంటాయి, ఆ కాళ్ల చివర ఇంకో ప్లేటు ఉంటుంది. మూత బిగిస్తే ఆ కింది ప్లేటు పడవ అడుగురేకుతో సమానంగా కూర్చుని, ప్రొపెల్లర్ పైనున్న చదరపు కంతని పూడుస్తుంది. రెక్కలకి నెత్తిమీద నున్నటి కప్పు ఉన్నట్టన్నమాట. ఆ ప్లేటు పైకి ఉన్నా, వంకరగా ఉన్నా, రెక్కలు తోసే నీళ్లు వెనక్కి పోవాల్సింది పెట్టెలోకి ఎగతన్నుతాయి. తోపు పోతుంది. ఒక్కో రెక్క ఆ కంత కిందుగా వెళ్లినప్పుడల్లా దబ్బుమంటుంది. రివర్స్‌లో మరీ అన్యాయం. ఎగిసిన నీళ్లు మూతని కింది నుంచి కొడతాయి, గ్యాస్కెట్ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నుంచి ఇంజన్ గదిలోకి వస్తాయి.

ఇక్కడే మోసపోతాం. పడవ ఆగి ఉన్నప్పుడు పెట్టెలో నీళ్లు కాలువ మట్టానికే ఉంటాయి, మూత దానికంటే పైన ఉంటుంది. కాబట్టి చుక్క కూడా రాదు. సాయంత్రం కట్టేసి టార్చి వేసి చూస్తే అంతా పొడిగా ఉంటుంది. పొద్దున్న బయల్దేరిన గంటకి బిల్జ్ పంపు మొదలవుతుంది. షాఫ్ట్ తిరిగినప్పుడే నీళ్లొస్తున్నాయి కాబట్టి షాఫ్ట్ దగ్గరే కారుతోందని ఎవరైనా అనుకుంటారు. నేనూ స్టెర్న్ గ్లాండ్ (షాఫ్ట్ వెంట నీళ్లు లోపలికి రాకుండా ఆపే బిగింపు) బిగించాను, గ్రీజు కుక్కాను, చివరికి దాని ప్యాకింగ్ మార్పించాను. వణుక్కి ఇంజను మౌంట్లు మార్పించాను. డబ్బులు పోయాయి, వణుకు అలాగే ఉంది.

ఆఖరికి ఒక ముసలి పడవాయన, లాకు దగ్గర నీళ్లు నిండేదాకా నిలబడి, "ఆ మూతకి ముందేది, వెనకేది?" అని అడిగాడు. నాకు తెలియదు. చూడ్డానికి చదరమే, ఎటు పెట్టినా కూర్చుంటుంది. కానీ నా పడవ అడుగురేకు వెనక్కి కొంచెం వాలుగా ఉంటుంది, దానికి తగ్గట్టు కాళ్లు రెండు పొడుగు, రెండు పొట్టి. ఆ వసంతంలో తుప్పు గీకి రంగు వేసి, ముందుది వెనక్కి వచ్చేలా పెట్టేశాను. ఒక అంచు కంతలోకి పైకి లేచి, ఇంకో అంచు రెక్కల వైపు వేలాడుతోంది. మళ్లీ సరైన వైపుకి తిప్పి పెట్టాక ఆ పూటే వణుకు పోయింది.

అందుకని ఇలా చేయండి. సరిగ్గా కూర్చున్నప్పుడు మూత మీదా పెట్టె అంచు మీదా ఎదురెదురుగా ఉలితో గాటు పెట్టండి. రంగు గుర్తు చాలదు, మళ్లీ రంగు వేస్తే పోతుంది. గ్యాస్కెట్ మారిస్తే పాతదాని మందమే కొనండి. మెత్తగా ఉంది కదా అని రెట్టింపు మందం తెస్తే మొత్తం పైకి లేస్తుంది, కింది ప్లేటు కూడా దాంతో పాటే. కొలవడం తేలిక: పెట్టె అంచు నుంచి అడుగురేకు దాకా కర్రతో లోతు చూడండి, మూత అడుగు నుంచి కింది ప్లేటు దాకా కొలవండి, పెట్టె లోతుకి నొక్కుకున్న గ్యాస్కెట్ మందం కలిపితే రెండూ సరిపోవాలి. కాళ్ల వెల్డింగు తుప్పు తిని కదులుతోందేమో ఊపి చూడండి.

గ్యాస్కెట్ అంతటా ఆనుతోందో లేదో చూడాలంటే పెట్టె అంచుకి సుద్ద రాసి, మూత బిగించి, విప్పండి. గ్యాస్కెట్ మీద గీత ఎక్కడ తెగితే నీళ్లు అక్కడ వస్తాయి. చాలాసార్లు ఒక ఎండుటాకు చాలు.

ప్రతిసారీ మూత బిగించాక డెక్ చెక్క వేసేముందు, పడవ గట్టుకి కట్టే ఉండగా గేరు వేసి కొంచెం రేసు ఇవ్వండి, ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి. ఇంకొకరు టార్చితో మూత అంచులు చూడాలి, చేతులు షాఫ్ట్‌కి దూరంగా ఉంచి. తడి కనిపిస్తే ఆపి మళ్లీ పెట్టండి. మూత వదులుగా ఉంచి బయల్దేరి నీళ్లు నిండి మునిగిన పడవలున్నాయి, ఇది చాదస్తం కాదు.

ఇవన్నీ చూశాక మిగిలినవి

రెక్క విరగడం, వంగడం జరుగుతుంది గానీ అరుదు. చేత్తో తడిమితే తెలిసిపోతుంది. గేర్ బాక్సునీ షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ బోల్టులు వదులైతే గేరు మార్చినప్పుడు గణగణమంటుంది, పానా చాలు. చుక్కాని అడుగు కప్పులోంచి తప్పుకుంటే టిల్లర్ బిగుసుకుంటుంది, వణకదు. గేరు కేబుల్ సాగితే లివర్ ముందుకి తోసినా గేరు పూర్తిగా పడదు. గేర్ బాక్సు దగ్గర మీటని చూస్తూ ఇంకొకర్ని లివర్ కదపమనండి. హ్యాచ్ లేని పాత పడవైతే గట్టు మీంచి పొడుగు కొక్కెం కర్రతో లాగండి, అదీ కుదరకపోతే డ్రై డాక్‌కి (నీళ్లు తీసేసి పడవ అడుగు బాగుచేసే చోటికి) తీసుకెళ్లండి. వెళ్లినప్పుడు వెల్డర్‌తో ఒక హ్యాచ్ కట్టించుకునే ఖర్చెంతో కూడా అడిగిరండి.