పాత పడవ ఇంజను, నాలుగవ పాఠం: చుక్క పడే చోటు, ఆయిలు పుట్టే చోటు

గత పాఠంలో పెర్కిన్స్ 4-108 ఇంజనుకు ఆయిలు, ఫిల్టరు మార్చడం నేర్చుకున్నాము. ఆ పని పూర్తయిన కొద్ది రోజులకే ఇంజను కింది పళ్లెంలో నల్లటి మడుగు కనిపిస్తే, మొదట ఫిల్టరు చుట్టూ వేలితో తడిమి చూడండి. పాత రబ్బరు రింగు గాడిలోనే అంటుకుని ఉండగా దానిపై కొత్త రింగు పెట్టి బిగించడం ఈ పనిలో అందరూ ఒకసారైనా చేసే పొరపాటు. అక్కడ పొడిగా ఉంటేనే, ఆయిలు ఎక్కడి నుంచి కారుతున్నదో వెతికే ఈ పాఠంతో పని.

పేరులోని 4 సిలిండర్ల సంఖ్య. 108 ఘనపుటంగుళాలలో ఇంజను పరిమాణం, అంటే దాదాపు 1.76 లీటర్లు. 1932లో ఫ్రాంక్ పెర్కిన్స్ ఇంగ్లండులోని పీటర్‌బరోలో స్థాపించిన కంపెనీ దీనిని తయారు చేసింది. మద్రాసులోని సింప్సన్ కంపెనీ లైసెన్సుపై తయారు చేసిన ఇంజన్ల వల్ల పెర్కిన్స్ అన్న పేరు మన రైతులకు ట్రాక్టర్ల ద్వారా పరిచయమే. 4-108 మాత్రం ఒక తరం పాటు బ్రిటన్, అమెరికా తెరచాప పడవల్లో కుదురుకుని, ఎంతకీ చెడని ఇంజనుగానూ, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఆయిలు కార్చే ఇంజనుగానూ రెండు రకాలుగా పేరు తెచ్చుకున్నది. రెండవ పేరులో సగం అన్యాయం ఉందని నా అభిప్రాయం.

అన్యాయం ఎందుకంటే, పడవలో ఇంజను సమతలంగా కూర్చోదు. ప్రొపెల్లరు షాఫ్టు వాలుకు తగినట్లు దాని వెనుక భాగం కిందికి ఒరిగి ఉంటుంది. అందువల్ల ఇంజను పైమూత అయిన రాకర్ కవరు దగ్గర ఊరిన ఆయిలైనా, బ్లాకు పక్కన ఆయిలు ఒత్తిడిని కనిపెట్టే ప్రెజర్ స్విచ్చి దగ్గర చెమ్మగిల్లిన ఆయిలైనా, సంపు (అడుగున ఆయిలు నిలిచే తొట్టి) అంచు వెంట మెల్లగా జారుతూ చివరికి వెనుక ఫ్లైవీలును కప్పే బెల్ హౌసింగ్ కిందికే చేరి అక్కడ చుక్కగా పడుతుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్‌షాఫ్టు చుట్టూ ఆయిలును ఆపే వెనుక సీలు ఉండేదీ అక్కడే కాబట్టి చూసినవారందరూ నేరం ఆ సీలు మీదనే మోపుతారు. నేను కూడా ఒకసారి ఆ తీర్పు ఇచ్చి, గేర్‌బాక్సు, డ్యాంపర్ ప్లేటు, ఫ్లైవీలు విప్పి, రెండు వారాంతాలు ఖర్చు చేసి సీలు మార్చాను. ఇంజను తిరిగి నడిపిన మొదటి గంటలోనే అదే చోట అదే చుక్క పడింది. అసలు దోషి ప్రెజర్ స్విచ్చి; దానిని మార్చడానికి పట్టిన సమయం పది నిమిషాలు.

కనుక వెతకడానికి ముందు కడగాలి. మురికిగా ఉన్న ఇంజను మీద ఏ పరీక్షా పనిచేయదు. ఇంజను చల్లబడిన తరువాత బ్యాటరీ స్విచ్చి ఆపి, డీగ్రీజరు చల్లి, పాత పెయింటు బ్రష్షుతో మూలమూలలా రుద్ది, వేస్టు గుడ్డతో తుడవండి. ఆల్టర్నేటరు, స్టార్టరు మోటారు మీద ప్లాస్టిక్ సంచి కప్పడం మరువవద్దు. ఈ మురికినీరు పడవ అడుగు గుంటలోకి చేరితే అక్కడి ఆటోమేటిక్ పంపు దానిని నేరుగా రేవు నీటిలోకి తోడేస్తుంది. నీటి మీద ఆయిలు పొర కనిపించినా చాలాచోట్ల అది నేరమే. అందుకని కడిగేంతసేపు ఆ పంపు ఆపి, మురికిని ఆయిలు పీల్చే మెత్తలతో ఎత్తివేసి, పని కాగానే పంపును మళ్లీ ఆన్ చేయండి. ఈ చివరి మాటను ఒక కాగితం మీద రాసి మెట్ల దగ్గర అంటించుకోవడం మంచిది, ఎందుకంటే పంపు ఆపి ఇంటికి వెళ్లిపోవడం ఆయిలు కారడం కంటే చాలా పెద్ద ప్రమాదం.

ఇంజను ఆరిన తరువాత కింద తెల్లటి మెత్తలు మూడు వరుసగా పరచి, ముందు, మధ్య, వెనుక అని వాటి మీద రాయండి. ఒక రాత్రి ఇంజను నడపకుండా వదిలేయండి. ఉదయానికి మెత్త మీద మరక ఉంటే, ఆగి ఉన్న ఇంజనులో ఆయిలు మట్టానికి దిగువనున్న సంపు గ్యాస్కెట్టును (అతుకు మధ్య పెట్టే పొరను), డ్రెయిన్ ప్లగ్గును అనుమానించాలి. మరక లేకపోతే, సముద్రపు నీటి వాల్వు తెరిచి, పడవను తాళ్లతో గట్టిగా కట్టి, ఇంజనును గేరులో ఇరవై నిమిషాలు నడపండి. వేడెక్కిన 4-108లో ఆయిలు ఒత్తిడి మామూలుగా 30 నుంచి 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) వరకు ఉంటుంది. అంత ఒత్తిడి దగ్గర ప్రెజర్ స్విచ్చి, గేజికి కొలత పంపే సెండరు, ఆయిల్ కూలరు గొట్టాలలో ఏ చిన్న లోపమున్నా ఆయిలు బయటపడుతుంది. తిరిగే బెల్టుకూ షాఫ్టుకూ దూరంగా ఉండి, టార్చిలైటుతో, పొడవు పిడి ఉన్న అద్దంతో చూడండి. ఇంజెక్టరు పైపులను మాత్రం నడుస్తున్నప్పుడు చేత్తో తడమవద్దు; ఆ ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. అక్కడ అనుమానముంటే అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

మరక రంగు కూడా సాక్ష్యమే. డీజిలు ఇంజను ఆయిలు నల్లగా ఉంటుంది. ఈ ఇంజనుకు తరచుగా జతచేసే వెల్వెట్ డ్రైవ్ గేర్‌బాక్సులో పోసేది ఎర్రటి ట్రాన్స్‌మిషన్ ద్రవం కాబట్టి, బెల్ హౌసింగ్ కింద ఎరుపు కనిపిస్తే ఇంజను నిర్దోషి. పలచగా, త్వరగా పాకిపోయే మరక, దానితోపాటు ఘాటైన వాసన ఉంటే అది డీజిలు.

ఇంకా తేలకపోతే, అనుమానమున్న అతుకుల మీద టాల్కం పౌడరు పలుచగా చల్లి, ఐదు నిమిషాలు నడిపి ఆపండి. తెల్లటి పొర మీద ఊట మొదలైన చోట ముదురు గీత పడుతుంది. ఆ గీత పై కొసను చూడాలి, కింది కొసను కాదు. రాకర్ కవరు దగ్గర గీత కనిపిస్తే వెంటనే స్పానరు తీసి నట్లు బిగించాలనిపిస్తుంది. కాని ఎక్కువ బిగిస్తే బెండు గ్యాస్కెట్టు నలిగి చీలుతుంది, రేకు కవరు వంకర పోతుంది, ఆ తరువాత కొత్త గ్యాస్కెట్టు కూడా నిలవదు.

ఇన్ని పరీక్షల తరువాత కూడా వేళ్లు వెనుక సీలు వైపే చూపిస్తే, దానిని విప్పడానికి ముందు ఇంకొక ప్రశ్న వేయాలి: సీలు చెడిందా, లేక సీలు తట్టుకోలేనంత గాలి లోపలి నుంచి తోస్తున్నదా? పాత 4-108లో వెనుక సీలు తాడులాంటిది. దానికి తోడు క్రాంక్‌షాఫ్టు మీద మరలాంటి గాడులు ఉండి, తిరిగేటప్పుడు ఆయిలును సంపులోకి వెనక్కి తోస్తాయి. అరిగిన పిస్టన్ రింగుల పక్క నుంచి మంట వాయువు క్రాంక్‌షాఫ్టు తిరిగే గది అయిన క్రాంక్‌కేసులోకి దిగినా, ఆ గది గాలిని బయటికి వదిలే బ్రీదరు గొట్టం మసితో పూడుకుపోయినా, లోపలి పీడనం పెరిగి ఆ మర ఓడిపోతుంది. బ్రీదరు గొట్టం విప్పి శుభ్రం చేయండి. తరువాత ఐడిలింగులో ఆయిలు పోసే మూత తీసి, ఆ కంత మీద పలుచని ప్లాస్టిక్ సంచిని వదులుగా పట్టుకోండి. మెల్లగా ఊగితే పరవాలేదు, బెలూనులా ఉబ్బితే సీలు మార్చి లాభం లేదు.

ఆయిలు మట్టం కొలిచే డిప్‌స్టిక్‌ను కూడా నమ్మకండి. వాలులో ఉన్న ఇంజనుకు సమతలపు ఇంజను డిప్‌స్టిక్ పెడితే, నిండుగీత దాకా పోసిన ఆయిలు నిజానికి ఎక్కువే అవుతుంది, ఆ ఎక్కువంతా వెనుక సీలును తడుపుతుంది. పోయకుండానే మట్టం పెరుగుతుంటే ట్యాంకు నుంచి డీజిలు లాగే లిఫ్ట్ పంపు లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగి డీజిలు సంపులోకి దిగుతుండవచ్చు. అప్పుడు ఆయిలును వాసన చూడండి, ఇంజనును ఇక నడపకండి.

వచ్చే పాఠం నాటికి మూడు మెత్తలనూ మరకలతో సహా తేదీ వేసి దాచి, ప్రతిసారీ ఇంజను ఎంతసేపు నడిచిందో, డిప్‌స్టిక్ మట్టం ఎంతో వాటి పక్కన రాయండి. సంచి ఉబ్బనివారు, వెనుక మెత్త మీద మాత్రమే నల్ల మరక చూసినవారు ఐదవ పాఠంలో గేర్‌బాక్సును దించడానికి సిద్ధంగా ఉండవచ్చు. దానికి ఇంజను పై కడ్డీకి కట్టే ఒక చిన్న చెయిన్ పుల్లీ, ఇంకొకరి సాయం అవసరమవుతాయి.