రాక్ బ్యాండ్‌తో తత్వగీతం కట్టడం ఎలా?

నెమ్మదిగా సాగే తత్వం ఒకటి కడదామని కూర్చున్న బ్యాండ్లు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటాయి. ముందు గిటార్ మీద నాలుగు కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు, తిప్పుతారు. దానిమీద లలలా అంటూ బాణీ అనుకుంటారు. చివర్లో ఆ సందుల్లోకి తెలుగు మాటలు కుక్కుతారు. ప్రేమపాటలో ఇది ఎలాగో నడిచిపోతుంది, తత్వంలో నడవదు. తత్వం బతికేదే మాట మీద. మాట ముందు, బాణీ తర్వాత, కార్డులు ఆఖరున. కింద చెప్పేదంతా ఈ వరసలోనే చేయండి.

కావలసినవి

ఒక అకూస్టిక్ గిటార్, ఒక ఎలక్ట్రిక్ గిటార్, బేస్, చిన్న డ్రమ్ సెట్, ఫోన్‌లో ట్యూనర్ (శ్రుతి చూపేది), మెట్రోనోమ్ (వేగానికి దెబ్బలు కొట్టేది). కీబోర్డు ఉంటే సరే, కానీ అందులోని స్ట్రింగ్స్ శబ్దం వాడకండి. అది ప్రతి పాటనూ సీరియల్ పాటలా చేస్తుంది. మన ఉత్తరాంధ్ర వైపు వాయిద్యం ఒకటి ఉండాలనుకుంటే బొబ్బిలి వీణ గానీ జముకుల కథలో మోగించే జముకు గానీ, రెండింటిలో ఒక్కటే తీసుకోండి. వీణ శ్రుతి మార్చాలంటే తీగలన్నీ మళ్లీ సవరించాలి, కాబట్టి పాట శ్రుతి ఖాయమయ్యాకే వైణికుణ్ణి పిలవండి.

మాట

పల్లవి రెండు పాదాలు, చరణాలు రెండు, ఒక్కో చరణానికి నాలుగు పాదాలు. అంతకు మించి రాయకండి. "అనంత విశ్వం", "అంతరాత్మ జ్యోతి" లాంటి మాటలు ఏ పాటలోనైనా ఇమిడిపోతాయి, అందుకే ఏ పాటకూ అక్కరకు రావు. కంటికి కనబడే వస్తువు ఒకటి పట్టుకుని పాటంతా దానిచుట్టూ తిప్పండి. నాగావళి, వంశధార పారే చోట ఉన్నాం. వంశధార ఒడ్డున శాలిహుండంలో బౌద్ధ స్తూపాలున్నాయి. ఏరు దాటించిన తెప్పను నెత్తిన మోసుకుపోవద్దని బుద్ధుడు చెప్పిన ఉపమానం ఉంది కదా, దాన్నే నమూనాగా తీసుకుందాం:

నది దాటిపోయాక
నావెందుకు నీకు

శ్రుతి, వేగం

పాటలో అన్నిటికన్నా పైస్వరం ఎక్కడుందో చూసి, దాన్ని గాయకుడు మూడుసార్లు వరసగా ఇబ్బంది లేకుండా పాడగలిగిన శ్రుతి పెట్టండి. మగ గొంతుకు రెండు శ్రుతి, అంటే డి, చాలావరకు సరిపోతుంది. గిటార్ ఆరో తీగను, అంటే అన్నిటికన్నా లావుదాన్ని, ఇ నుంచి డి కి దించండి. ఇప్పుడు లావు తీగలు మూడూ డి, ఎ, డి అయ్యాయి, అంటే స ప స. తంబురా చేతికొచ్చినట్టే. ఆడగొంతు అయితే ఐదో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెట్టండి, ఐదు శ్రుతి వస్తుంది.

వేగం నిమిషానికి 70 దెబ్బలు. 66 కన్నా తగ్గితే పాదం పూర్తయ్యేలోపు ఊపిరి అయిపోతుంది. 76 దాటితే ఊగే పాట అయిపోతుంది. నాలుగు దెబ్బలు ఒక బారు అన్న లెక్కలో మొదటి ఎత్తుగడకు 4 బార్లు, పల్లవికి 8, చరణానికి 16, మళ్లీ పల్లవికి 8, మధ్య వాయింపుకు 8, రెండో చరణానికి 16, పల్లవి రెండుసార్లకు 16, ముగింపుకు 4. మొత్తం 80 బార్లు, సుమారు నాలుగున్నర నిమిషాలు. తత్వానికి ఇంతకన్నా నిడివి అక్కర్లేదు.

మాటను తాళంలో కూర్చోబెట్టడం

అసలు పని ఇక్కడుంది. పాట పాడయ్యేదీ ఇక్కడే. రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి.

తెలుగులో అచ్చు సాగితే అర్థం మారుతుంది. నది సాగితే నాది. మది సాగితే మాది. జడ సాగితే జాడ, నడి సాగితే నాడి, విడు సాగితే వీడు. వేగం పాటల్లో ఈ ప్రమాదం అంతగా కనబడదు, అచ్చు సాగే తీరికే ఉండదు. నిమిషానికి 70 దెబ్బల పాటలో ఒక్కో దెబ్బకు 0.86 సెకను ఉంటుంది. ఆ ఖాళీ చూసి గాయకుడు తెలియకుండానే సాగదీస్తాడు. మన నమూనాలో "నది"ని మొదటి దెబ్బ మీద పెట్టి లాగితే వినేవాడికి "నాది దాటిపోయాక" అని వినిపిస్తుంది. నది పోయింది, కాబట్టి రెండో పాదంలో నావకు నీళ్లు లేవు. నాలుగు మాటల పల్లవిలో ఒక్క అచ్చు తప్పితే మిగతా మూడూ ఎందుకున్నాయో తెలియదు.

అందుకని ప్రతి పాదాన్నీ గురులఘువులుగా విడగొట్టండి. న, ది లఘువులు. దా గురువు. టి లఘువు. పో, యా గురువులు. క లఘువు. లఘువుకు అర దెబ్బ దాటి ఇవ్వకండి. గురువుకు ఎంతైనా ఇవ్వొచ్చు. ఇప్పుడు "నది"ని ముందు బారు చివరి దెబ్బలోకి జరపండి, రెండక్షరాలకూ చెరో అర దెబ్బ. "దా" కొత్త బారు మొదటి దెబ్బ మీద పడుతుంది, దానికి దెబ్బన్నర. "టి"కి అర. మూడో దెబ్బ "పో". నాలుగో దెబ్బ మీద "యా" ఎత్తుకుని తర్వాతి బారు రెండు దెబ్బల దాకా పట్టండి, మూడో దెబ్బకు "క" వదిలేయండి. గాయకుడికి లాగాలన్న సరదా తీరింది, నది నదిగానే మిగిలింది. లఘువులతో మొదలయ్యే పాదాలన్నిటికీ ఇదే మందు: లఘువులు దెబ్బకు ముందు, తొలి గురువు దెబ్బ మీద.

సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువే, కానీ దాని అచ్చు పొట్టిది. "సత్యం"లో "స"ను లాగితే "సాత్యం" అవుతుంది. అక్కడ త్ మీద నోరు మూసి, మిగిలిన కాలాన్ని నిశ్శబ్దంగా వదలండి. నిశ్శబ్దం పాటకు చెరుపు చేయదు. "బంధం" లాంటి చోట "బ"ను లాగకుండా సున్నా దగ్గర ముక్కుతో పట్టండి. ఆ ధ్వని డి తీగ మోతలో బాగా కలిసిపోతుంది.

పాదం చివరి అచ్చును చెవి కొంత మన్నిస్తుంది. "పోయాకా" అన్నా అర్థం చెడదు. కానీ వాక్యం చివర "అ" సాగితే ప్రశ్న అవుతుంది. "ఇది బాట" అని నమ్మకంగా చెప్పాల్సింది "ఇది బాటా" అని సందేహమైపోతుంది. సంధుల దగ్గరా జాగ్రత్త. "నావెందుకు" అంటే నావ ఎందుకు అనా, నావి ఎందుకు అనా? కాగితం మీద పక్క పాదం చూసి తెలుసుకుంటాం, చెవికి ఆ వీలు లేదు. పాడేటప్పుడు "నావ ఎందుకు" అని విడదీయండి.

పైస్వరం ఎప్పుడూ "ఆ" మీదో "ఓ" మీదో పడాలి. "ఈ", "ఊ" మీద పెడితే గొంతు బిగుసుకుని మాట పలచబడుతుంది. స్వరం మార్చే బదులు మాట మార్చండి, అది తేలిక.

ఇదంతా అయ్యాక పరీక్ష. గిటార్ లేకుండా, మెట్రోనోమ్ చెవిలో మాత్రమే పెట్టుకుని, పాట ఫోన్‌లో రికార్డు చేయండి. సాహిత్యం చూడని ముగ్గురికి వినిపించి విన్నది విన్నట్టు రాయమనండి. ఒకరు అరవై దాటినవాళ్లయితే మంచిది. ఇద్దరు తప్పు రాసిన మాట ఏదైనా సరే, అది మళ్లీ కట్టాల్సిందే.

సాహిత్యం గొడవ మనకెందుకు, రాక్ అంటే మోతే కదా అనేవాళ్లున్నారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు, హరికథా పితామహుడు. హరికథలో చేతిలో చిరుతలు, కాళ్లకు గజ్జెలు, ఆ మోతలోనూ ప్రతి మాటా జనానికి అందాలి. మాటా మోతా ఒకదానికొకటి అడ్డు కాకుండా నడిపే పద్ధతి ఈ ఊళ్లకు కొత్త కాదు.

కార్డులు, వాయింపు

బాణీ నఠభైరవి రాగం స్వరాల్లో ఉంటే డి మైనర్, బి ఫ్లాట్, ఎఫ్, సి చాలు. గాంధారాన్ని (గ స్వరాన్ని) ఊపి పాడే చోట పూర్తి కార్డు వాయించకండి. కార్డులోని గాంధారం కదలదు, గొంతులోది కదులుతుంది, రెండూ గీరుకుంటాయి. అక్కడ డి, ఎ మాత్రమే మోగించండి. కార్డు మార్పు పాదం చివరే.

మొదటి పల్లవికి అకూస్టిక్ గిటార్ ఒక్కటే. బేస్ మొదటి చరణంలో, డ్రమ్స్ రెండో పల్లవిలో, అదీ స్నేర్ అంచు మీద కర్ర దెబ్బగా. గిటార్ శబ్దాన్ని గరుకుగా చేసే డిస్టార్షన్ పెడల్ రెండో చరణం అయ్యేదాకా తొక్కకండి. క్రాష్ సింబల్ (పెద్ద తాళం చిప్ప) పాట మొత్తంలో రెండే రెండుసార్లు.

మిక్సింగులో ఎలక్ట్రిక్ గిటార్లకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 3 డెసిబెల్స్ తగ్గించండి; హల్లులు స్పష్టంగా తెలిసేది ఆ చోటే. గొంతుకు రెవర్బ్ (ప్రతిధ్వని) కొంచెమే, అదీ 30-40 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలయ్యేలా. గుడిలో పాడినట్టుండాలని రెవర్బ్ నింపితే వేల, వేళ ఒకటైపోతాయి.

ముగింపు నాలుగు బార్లలో అందరూ ఆపేయాలి. గాయకుడు "నావ ఎందుకు నీకు" అని వాయిద్యం లేకుండా ఒక్కసారి పాడాక ఆరో తీగ ఒక్కటే మీటి, అది దానంతట అది ఆగేదాకా ఎవరూ కదలకండి. డ్రమ్మర్ కర్రలు ముందే కింద పెట్టేయాలి.