కొలరాడోలో ఎల్క్ వేట: దూరపు గురికి సన్నద్ధత

అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు కొండల్లో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు అనుమతి పొందినవారు వేటలో వాడబోయే తూటాలతోనే రైఫిల్‌ను 200 గజాల దూరంలో గురి సరిగ్గా తగిలేలా సరిచేసుకొని, 300, 400 గజాల వద్ద తూటా ఎంత కిందికి దిగుతుందో స్వయంగా కాల్చి రాసుకోవాలి. ఎత్తైన చోట పలుచని గాలి తూటాను తక్కువగా నిరోధిస్తుంది కాబట్టి, మైదానంలో తీసిన లెక్కలు అక్కడ అచ్చంగా సరిపోవు. బల్లపై ఆనించి సాధించిన గురి కొండవాలులో నిలవదు. కూర్చొని, మోకాలిపై ఒరిగి, వీపుసంచిపై తుపాకీ ఆనించి, ఆయాసపడుతున్నప్పుడు కూడా సాధన చేయాలి. అన్నిటికన్నా కష్టమైనది గాలి అంచనా: దగ్గరి గడ్డి ఒకవైపు, లోయకు ఆవల గడ్డి మరోవైపు ఊగుతుంటే కాల్చకూడదని నా దృఢమైన అభిప్రాయం. తూటాలన్నీ పది అంగుళాల వలయంలో పడే దూరమే మీ హద్దు. జంతువు అంతకు మించిన దూరంలో ఉంటే, గాలికి ఎదురుగా నడిచి దగ్గరికి చేరాలి.